వినడమే కొలువు: కస్టమర్ కేర్ ఉద్యోగానికి నిచ్చెన ఎందుకు లేదు?

(వి.వి. గిరి స్మృతిలో చేసిన ఉపన్యాసం, పూర్తి పాఠం)



వరాహగిరి వెంకటగిరి అనగానే చాలామందికి 1969 నాటి రాష్ట్రపతి ఎన్నిక గుర్తొస్తుంది. ఈ సాయంత్రం నాకు కావలసింది 1954 నాటి గిరి. బరంపురంలో పుట్టి, డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల మధ్య నాయకుడైన మనిషి ఆయన. 1926లో ఒకసారి, 1942లో మరోసారి కార్మిక సంఘాల సమాఖ్య ఏఐటీయూసీకి అధ్యక్షుడయ్యారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక శాఖ తీసుకున్నారు. ఆ పదవిలో ఉండగానే బ్యాంకు ఉద్యోగుల జీతాల వివాదం వచ్చింది. లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుకు ప్రభుత్వం కోత పెట్టింది. ఆ కోత తనకు సమ్మతం కాదని చెప్పి గిరి మంత్రి పదవి వదిలేసి బయటికొచ్చారు.

ఎవరి కోసం వదిలారు? కౌంటరు వెనక కూర్చుని ఖాతాదారుడి పాస్‌బుక్కులో అంకెలు వేసే గుమాస్తా కోసం. చెక్కు ఎందుకు మారలేదో, వడ్డీ ఎందుకు తగ్గిందో రోజంతా ఒకటే ఓపికతో చెప్పే మనిషి కోసం. ఈ రోజు ఆ మాటలన్నీ చెబుతున్నది కౌంటరు వెనక మనిషి కాదు, హెడ్‌ఫోన్ పెట్టుకున్న మనిషి. పని అదే, బ్యాంకు అదే, ఖాతాదారుడూ అతనే. కానీ గుమాస్తాకు ఉన్నవి ఇతనికి లేవు. ఎందుకు లేవన్నదే నా ఉపన్యాస విషయం.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. కస్టమర్ కేర్ ఉద్యోగం విసిగిస్తుందని, అందులో ఎదుగుదల లేదని అందరికీ తెలుసు. అది ఆ పని తలరాత అని కూడా అనుకుంటాం. నేను అలా అనుకోను. వినేవాడికి అధికారం లేకుండా, అధికారం ఉన్నవాడికి వినపడకుండా ఆ పనిని ఒక పద్ధతి ప్రకారం కట్టారు. మనుషులు కట్టినదాన్ని మనుషులు మార్చగలరు.

ఫోను వెనకకు మనిషి ఎలా వచ్చాడు

ఈ ఉద్యోగం కొత్తదేమీ కాదు. అమెరికాలో టెలిఫోను వచ్చిన కొత్తలో ఎక్స్చేంజీల్లో టీనేజీ కుర్రాళ్లను పెట్టారు. వాళ్లు ఫోను చేసినవారిని తిట్టేవారు, ఆట పట్టించేవారు. ఆ గోల భరించలేక 1878 సెప్టెంబరు 1న బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే యువతిని ఆపరేటరుగా తీసుకున్నారు. మృదువుగా, సహనంగా మాట్లాడుతుందని పేరు తెచ్చుకుంది. ఆ తరువాత ఆ కొలువు ఆడవాళ్ల కొలువైంది. పుట్టుక నుంచీ ఈ ఉద్యోగానికి మొదటి అర్హత ఓపిక. ఓపికను నైపుణ్యంగా లెక్కగట్టే అలవాటు మన సమాజాలకు లేదు. అది స్వభావమనీ, ఊరికే వస్తుందనీ అనుకుంటాం. ఊరికే వచ్చేదానికి ఇంక్రిమెంటు ఎవరిస్తారు?

రెండో మలుపు 1973లో వచ్చింది. కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ కోసం రాక్‌వెల్ కంపెనీ 'గెలాక్సీ' అనే యంత్రాన్ని తయారుచేసింది. వచ్చిన కాల్ ఏ ఉద్యోగికి వెళ్లాలో అప్పటినుంచి యంత్రమే తేల్చింది. పంచిపెట్టే యంత్రానికి లెక్కపెట్టడం కూడా వచ్చు. ఎవరు ఎంతసేపు మాట్లాడారు, ఎంతసేపు ఖాళీగా ఉన్నారు, ఎప్పుడు లేచారు, అన్నీ అందులో పడతాయి. మన కాల్ సెంటర్ ఫ్లోర్ల మీద గోడకు వేలాడే ఎర్రంకెల బోర్డుకు తాత అదే.

మన దేశానికి ఇది 1990లలో వచ్చింది. 1997లో జీఈ క్యాపిటల్ గుర్గావ్‌లో పెట్టిన కేంద్రమే తరువాత జెన్‌పాక్ట్ అయింది. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ తెరుచుకుంది. మాదాపూర్, గచ్చిబౌలి, ఉప్పల్ వైపు రాత్రిళ్లు తెల్ల సుమోలు బారులు తీరాయి. అమెరికా క్రెడిట్ కార్డు, ఇంగ్లండు బీమా, ఆస్ట్రేలియా టెలిఫోను బిల్లు, అన్నిటికీ మన పిల్లలు పేరు మార్చుకుని జవాబు చెప్పారు. 2010 దాటేసరికి ఇంగ్లీషు వాయిస్ పనిలో పెద్ద వాటా ఫిలిప్పీన్స్‌కు వెళ్లింది. ఈలోగా మన ఇంట్లోనే ఫోన్లు పెరిగాయి. సిమ్ కార్డు, డీటీహెచ్, గ్యాస్ బుకింగ్, ఫుడ్ డెలివరీ, యూపీఐ, ఈఎంఐ, అన్నిటికీ తెలుగులో జవాబు చెప్పేవాళ్లు కావలసివచ్చారు. దాన్ని డొమెస్టిక్ ప్రాసెస్ అన్నారు. నల్గొండ, శ్రీకాకుళం, అనంతపురం డిగ్రీ కాలేజీల నుంచి వచ్చి అమీర్‌పేట హాస్టల్లో మంచం అద్దెకు తీసుకున్న పిల్లలకు అదే మొదటి మెట్టు. అక్కడినుంచి రెండో మెట్టు కనిపించదు.

సెకన్ల వెనక ఉన్న గణితం

'మంచినీళ్లకు లేస్తే కూడా టీఎల్ అడుగుతాడు సార్' అని తమ టీమ్ లీడరు గురించి పిల్లలు చెబితే ఇంట్లోవాళ్లకు అతిశయోక్తి అనిపిస్తుంది. అందులో అతిశయోక్తి లేదు. దాని వెనక వందేళ్ల పైబడిన గణితం ఉంది.

కోపెన్‌హేగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన అగ్నర్ ఎర్లాంగ్ అనే డేనిష్ గణితవేత్త, కాల్స్ క్రమం లేకుండా వస్తున్నప్పుడు ఎన్ని లైన్లు పెడితే ఎంతమంది ఆగాల్సివస్తుందో 1909లోనూ 1917లోనూ లెక్కలు కట్టాడు. ఈనాటికీ ప్రపంచంలోని చాలా కాల్ సెంటర్ల రోస్టర్లు ఆ లెక్క మీదే నడుస్తాయి. ఒక ఉదాహరణ చూద్దాం. అరగంటకు 100 కాల్స్ వస్తాయి, ఒక్కొక్కటి సగటున 6 నిమిషాలు అనుకుందాం. మొత్తం 600 నిమిషాల పని. అరగంటలో ఒక మనిషి చేయగలిగింది 30 నిమిషాల పని కాబట్టి మామూలు లెక్కకు 20 మంది చాలాలి. చాలరు, ఎందుకంటే కాల్స్ వరసగా రావు, గుంపులుగా వస్తాయి. ఎర్లాంగ్ సూత్రంలో వేసి చూస్తే 24 మంది ఉంటే ఫోను చేసినవాడు సగటున 27 సెకన్లు ఆగుతాడు. 22 మంది ఉంటే 100 సెకన్ల పైచిలుకు. 21 మందే ఉంటే నాలుగున్నర నిమిషాలు.

22 నుంచి ఒక్కరు తగ్గితే నిరీక్షణ రెండున్నర రెట్లు దాటింది. ఆ ఒక్కరు బాత్రూముకు వెళ్లిన అమ్మాయి కావచ్చు. టీఎల్ ఆమె మీద అరిచేది ఆమె మీద పగతో కాదు. 24 మంది ఉండాల్సినచోట 22 మందితో షిఫ్టు నడపమని అతనికి పైనుంచి ఆదేశం. మిగిలిన ఇద్దరి జీతం కంపెనీ లాభంలో కలుస్తుంది, ఆ లోటు 22 మంది ఒంటి మీద పడుతుంది. 24 మందితో నడిస్తే ప్రతి ఒక్కరికీ అరగంటలో 5 నిమిషాల ఊపిరి దొరుకుతుంది. 21 మందితో నడిస్తే నిమిషంన్నర కూడా దొరకదు. ఒకడు ఫోను పెట్టగానే ఇంకొకడి గొంతు. మొదటివాడు తిట్టిన తిట్టు చెవిలో ఉండగానే రెండోవాడికి 'నమస్కారం సార్' అని చిరునవ్వుతో చెప్పాలి. ఆ చిరునవ్వు గొంతులో వినిపించకపోతే క్వాలిటీవాళ్లు మార్కులు కోస్తారు.

అర్లీ హోక్‌షీల్డ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1983లో దీనిమీదే ఒక పుస్తకం రాశారు, పేరు 'ది మేనేజ్డ్ హార్ట్'. విమానాల్లో నవ్వుతూ సేవ చేసే ఉద్యోగినులను, అప్పులు వసూలు చేసేటప్పుడు కటువుగా మాట్లాడాల్సిన ఉద్యోగులను ఆమె పరిశీలించారు. కండబలం, బుద్ధిబలం అమ్ముకున్నట్టే కొందరు మనసులోని భావాలను కూడా జీతానికి అమ్ముకోవాల్సివస్తుందని, దానికో అలసట ఉంటుందని, ఆ అలసట లెక్కల్లోకి రాదని ఆమె చూపారు. మన దగ్గర గిరి గారి పేరున్న జాతీయ కార్మిక సంస్థ నోయిడాలో ఉంది. అక్కడి పరిశోధకుడు బాబు పి. రమేష్ 2004లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో కాల్ సెంటర్ ఉద్యోగులను 'సైబర్ కూలీలు' అన్నారు. అక్కడి నిఘాను పాతకాలపు జైళ్లతో పోల్చారు. పరిశ్రమ పెద్దలకు కోపమొచ్చింది. ఏసీ గదులు, క్యాబులు, చదువుకున్న పిల్లలు, వీళ్లు కూలీలేమిటన్నారు. ఏసీ చల్లదనం యంత్రాల కోసమూ కావాలి. ప్రశ్న గది ఎంత చల్లగా ఉందని కాదు, లేచి వెళ్లే హక్కు ఎవరి చేతిలో ఉందని.

చెవి ఉంది, చెయ్యి లేదు

ఇంత పని ఒత్తిడిని కూడా మనిషి భరిస్తాడు, చేసిన పనికి ఫలితం కనిపిస్తే. ఆసుపత్రి నర్సు భరిస్తుంది, బస్సు కండక్టరు భరిస్తాడు. కస్టమర్ కేర్‌లో కుంగదీసేది వేరే ఉంది.

ఒక మామూలు కాల్ తీసుకోండి. ఒకాయన ఆన్‌లైన్లో మిక్సీ కొన్నాడు, పాడైంది, తిరిగి పంపేశాడు. డబ్బు ఇంకా రాలేదు. ఇది అతని నాలుగో కాల్. ఫోనెత్తిన అమ్మాయికి తెర మీద అంతా కనిపిస్తోంది. వస్తువు గోదాముకు చేరింది, రీఫండ్ ఒకచోట ఇరుక్కుంది. తప్పు కంపెనీదేనని ఆమెకు తెలుసు. ఆ డబ్బు విడుదల చేసే బటన్ ఆమె తెరలో లేదు. బటన్ ఉన్న విభాగానికి ఫోను నంబరు లేదు, టికెట్ పెట్టాలి. టికెట్‌కు 48 గంటల గడువు ఉంది, గడువు దాటితే ఇంకో టికెట్. ఆమె చేతిలో ఉన్నది ఒక్క వాక్యం: 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.' అవతలి మనిషికి ఆ వాక్యం నాలుగోసారి వినేసరికి ఒళ్లు మండుతుంది. 'నువ్వెందుకు కూర్చున్నావమ్మా అక్కడ, నీ పై ఆఫీసరుకివ్వు' అంటాడు. పై ఆఫీసరుకు ఇస్తే ఎస్కలేషన్ ఆమె ఖాతాలో పడుతుంది. ఇవ్వకపోతే అతను ఇచ్చే ఒక్క స్టార్ కూడా ఆమె ఖాతాలోనే పడుతుంది. ఎక్కువసేపు సముదాయిస్తే ఏహెచ్‌టీ (కాల్‌కు పట్టే సగటు సమయం) పెరిగిందని ఇంకో మందలింపు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మన సామెత. ఇక్కడ కథ తిరగబడింది. పూజారికి ఇవ్వాలనే ఉంది, గర్భగుడి తాళం అతని దగ్గర లేదు. భక్తుడు మాత్రం పూజారినే తిడతాడు, ఎందుకంటే అతనికి కనిపించేది పూజారి ఒక్కడే.

ఆల్బర్ట్ హర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో ఒక చిన్న పుస్తకంలో గొప్ప విషయం చెప్పాడు. ఒక సంస్థ పాడవుతున్నప్పుడు దాన్ని వాడుకునేవాళ్లకు రెండు దారులు: వదిలేసి పోవడం, లేదా గొంతెత్తి చెప్పడం. ఆ సంకేతాలు అందితేనే సంస్థ తన లోపం తెలుసుకుని దిద్దుకుంటుంది. మన కస్టమర్ కేర్లు చాలామటుకు ఈ రెండో సంకేతాన్ని మింగేయడానికి కట్టినవి. వినియోగదారుడు గొంతెత్తుతాడు. ఆ గొంతు నెలకు ఇరవై వేలు కూడా రాని ఒక ఉద్యోగి చెవిలో పడి ఆగిపోతుంది. పైకి వెళ్లేది ఆ మాట కాదు, ఒక అంకె. 'ఈ నెల సంతృప్తి 82 శాతం' అని స్లైడు మీద కనిపిస్తుంది. ఆ మిక్సీ ఎందుకు పాడవుతోందో, గోదాములో రీఫండ్ ఎందుకు ఇరుక్కుంటోందో ఆ స్లైడులో ఉండదు. ఫ్లోర్ మీది అమ్మాయికి మాత్రం తెలుసు. వారంలో అదే ఫిర్యాదు ముప్పైసార్లు విన్నది ఆమెనే. ఆమెను ఎవరూ అడగరు.

మన నిబంధనలు కూడా ఇదే పొరపాటు చేశాయి. మొబైల్ కంపెనీల కస్టమర్ కేర్‌లో 95 శాతం కాల్స్‌కు 90 సెకన్లలోపు మనిషి పలకాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం పెట్టింది. మంచి నియమమే. మనిషి ఎంత త్వరగా పలికాడో అది కొలుస్తుంది. పలికిన మనిషికి సమస్య తీర్చే అధికారం ఉందా అన్నది ఏ నియమమూ కొలవదు.

నిచ్చెన లెక్క

ఇప్పుడు ఎదుగుదల సంగతి. ఒక ఫ్లోర్‌లో 300 మంది ఉన్నారనుకుందాం. పదిహేనుమందికి ఒక టీఎల్ చొప్పున 20 మంది టీఎల్‌లు. అయిదుగురు టీఎల్‌లకు ఒక మేనేజరు చొప్పున నలుగురు మేనేజర్లు. ఏడాదిలో అయిదుగురు టీఎల్‌లు వెళ్లిపోతే అన్ని ఖాళీలు వస్తాయి. ఐజేపీ, అంటే లోపలి ఖాళీల ప్రకటన, పడగానే అరవై మందిలో ఒకరికి అవకాశం. మిగిలిన యాభై తొమ్మిది మందికి ఏముంది? ఉన్నచోటే ఇంకో ఏడాది. అదే తెర, అదే వాక్యం, అదే జీతం మీద వెయ్యో పదిహేను వందలో.

పిరమిడ్ అన్ని ఉద్యోగాల్లోనూ ఉంటుంది, ఇందులో వింత ఏముందని అడగవచ్చు. వింత ఏమిటంటే ఇక్కడ పైకి వెళ్లడం ఒక్కటే ఎదుగుదల. ఉన్నచోట నైపుణ్యం పెరిగితే దానికి పేరు లేదు, మెట్టు లేదు, జీతం లేదు. అయిదేళ్లు పనిచేసిన ఏజెంటు ఫోనెత్తగానే అవతలి గొంతు విని పదిసెకన్లలో సమస్య ఏమిటో చెప్పేయగలదు. తెలంగాణ పల్లె నుంచి మాట్లాడే ముసలమ్మతో ఒకలా, విశాఖ వ్యాపారితో ఇంకోలా మాట్లాడగలదు. ఏ బిల్లింగ్ లోపం ఏ వారంలో బయటపడుతుందో ముందే పసిగట్టగలదు. నిన్న చేరిన కుర్రాడికీ ఆమెకూ హోదా ఒక్కటే: కస్టమర్ సర్వీస్ ఏజెంట్ అనే సీఎస్‌ఏ. బయోడేటాలో అయిదేళ్లూ ఒక్క పంక్తిలో ఇమిడిపోతాయి.

కొన్నేళ్లు నేను కూడా ఒక ఫ్లోర్ మీద కూర్చున్నవాణ్ణే. మా టీమ్‌లో ఒక సీనియర్ ఉండేది. కొత్తవాళ్లందరికీ పని నేర్పింది ఆమెనే, ట్రైనింగ్ మాన్యువల్ కాదు. ప్రాసెస్ ఇంకో కంపెనీకి మారినప్పుడు అందరూ రాజీనామా రాసి కొత్త కంపెనీలో కొత్తగా చేరాల్సివచ్చింది. కుర్చీ అదే, కంప్యూటరు అదే, కస్టమర్లూ వాళ్లే. ఆమె సర్వీసు మాత్రం సున్నా నుంచి మొదలైంది. అలా సున్నాకు దిగిన అనుభవం మన నగరాల్లో ఎంత ఉందో ఎవరూ లెక్కగట్టలేదు.

ఇక్కడ మళ్లీ గిరి గారి బ్యాంకు గుమాస్తా దగ్గరికి వెళ్దాం. 1954 రాజీనామా తరువాత ప్రభుత్వం కమిషన్ వేయక తప్పలేదు. 1966 నుంచి బ్యాంకు యాజమాన్యాల సంఘం, ఉద్యోగ సంఘాలు ఎదురెదురుగా కూర్చుని ద్వైపాక్షిక ఒప్పందాలు చేసుకుంటున్నాయి. 2024 మార్చి 8న జరిగింది పన్నెండోది. ఆ ఒప్పందం ప్రకారం గుమాస్తా మూల వేతనం 24,050 రూపాయల దగ్గర మొదలై, 20 దశల స్కేలులో 64,480 దాకా వెళుతుంది. ప్రమోషన్ రాకపోయినా, మేనేజరు కాకపోయినా, అనుభవం పెరిగిన కొద్దీ జీతం పెరుగుతుంది. ఆఫీసరు కావాలనుకునేవాడికి పరీక్ష దారి వేరే ఉంది. ఈ నిచ్చెన ఆకాశం నుంచి ఊడిపడలేదు. తరతరాల బేరం, సమ్మె, సంతకం కలిసి కట్టిన నిచ్చెన అది.

అదే బ్యాంకు ఖాతాదారుడి అదే ప్రశ్నకు ఫోనులో జవాబు చెప్పే పనిని బ్యాంకులు చాలాచోట్ల బయటి కంపెనీకి ఇస్తాయి. ఆ కంపెనీ ఒక్కోసారి ఇంకో కంపెనీకి ఇస్తుంది. అక్కడ దశలు లేవు, స్కేలు లేదు, బేరం లేదు. డొమెస్టిక్ ప్రాసెస్‌లో చేరే పిల్లల్లో చాలామంది జీతం నెలకు 21,000 రూపాయల ఈఎస్‌ఐ అర్హత గీతకు లోపలే ఉంటుంది. అందుకే బయటికి పోవడం ఒక్కటే వాళ్లకు మిగిలిన దారి. హర్ష్‌మన్ చెప్పిన రెండు దారుల్లో గొంతెత్తే దారి మూసేస్తే అందరూ తలుపు వైపే నడుస్తారు. అట్రిషన్ ఎక్కువ అని కంపెనీలు వాపోతాయి. నిజానికి మనుషులు త్వరగా వెళ్లిపోతేనే జీతాల పట్టిక ఎప్పుడూ కింది మెట్టు మీదే నిలుస్తుందన్న లెక్క కూడా వాటికి తెలుసు.

యంత్రం వచ్చాక

ఇప్పుడు ఈ చర్చ ఎందుకు, రేపో మాపో ఈ పనంతా ఏఐ చేసేస్తుంది కదా అంటారు. ఆ మాటనూ పరీక్షిద్దాం.

స్వీడన్‌కు చెందిన క్లార్నా కంపెనీ, తమ ఏఐ సహాయకుడు 700 మంది ఉద్యోగుల పని చేస్తోందని 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఏడాది దాటాక, 2025లో, ఖర్చు మీదే చూపు పెట్టడంతో నాణ్యత పడిపోయిందని ఆ కంపెనీ అధిపతే ఒప్పుకుని మళ్లీ మనుషులను తీసుకోవడం మొదలుపెట్టారు. అదే 2024 ఫిబ్రవరిలో కెనడాలో ఒక ట్రిబ్యునల్ తీర్పు వచ్చింది. ఇంట్లో చావు జరిగి ప్రయాణమైన ఒకాయనకు ఎయిర్ కెనడా చాట్‌బాట్ తప్పు సమాచారం ఇచ్చింది. టికెట్ రాయితీ తరువాత కూడా అడగవచ్చని చెప్పింది. అడిగితే కంపెనీ కాదంది. చాట్‌బాట్ మాటలకు చాట్‌బాటే బాధ్యత అన్నట్టు వాదించింది. ట్రిబ్యునల్ ఆ వాదనను కొట్టేసి సుమారు 812 కెనడా డాలర్లు చెల్లించమంది. గమనించండి, చాట్‌బాట్ కూడా మన అమ్మాయి పరిస్థితిలోనే ఉంది. మాట దానిది, అధికారం ఇంకెవరిదో. మనిషి స్థానంలో యంత్రాన్ని పెట్టినా కట్టడం మారలేదు కనుక రోగమూ మారలేదు.

ఇంకో పరిశోధన ఇంతకన్నా ముఖ్యం. ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్, డానియెల్ లీ, లిండ్సే రేమండ్ అనే ఆర్థికవేత్తలు కస్టమర్ సపోర్ట్ చేసే 5,179 మంది ఉద్యోగులను పరిశీలించి 2023లో పత్రం వెలువరించారు. ఏఐ సూచనలు అందించాక గంటకు పరిష్కరించే సమస్యలు సగటున 14 శాతం పెరిగాయి. కొత్తగా చేరినవారిలో, అంతగా పని రానివారిలో 34 శాతం పెరిగాయి. పాతకాపులకు పెద్దగా తేడా రాలేదు. కారణం ఏమిటంటే, ఆ యంత్రం నేర్చుకున్నదే వాళ్ల దగ్గర. నేర్పరులైన ఉద్యోగుల సంభాషణల నుంచి ఒడుపు పట్టుకుని కొత్తవారికి అందించింది.

ఈ ఫలితంలో రెండు సంగతులున్నాయి. ఈ పనిలో నైపుణ్యమే లేదు, ఎవరైనా చేస్తారు అన్న పాత మాట అబద్ధమని తేలిపోయింది. లేని నైపుణ్యాన్ని యంత్రం ఎక్కడినుంచి నేర్చుకుంటుంది? రెండోది, ఆ నైపుణ్యానికి విలువ ఉందని కంపెనీ కూడా ఒప్పుకున్నట్టే, కానీ విలువ చెల్లించింది యంత్రం అమ్మినవాడికి. నేర్పిన మనిషికి ఏమి దక్కిందన్న ప్రశ్నకు ఇప్పటిదాకా జవాబు లేదు.

చేయదగ్గవి

సమస్య చెప్పి ఊరుకుంటే గిరి గారి పేరు ఎత్తుకోవడం దండగ. పారిశ్రామిక వివాదాల్లో ట్రిబ్యునళ్ల చుట్టూ తిరగడం కన్నా యాజమాన్యం, కార్మికులు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవడం మేలని ఆయన జీవితమంతా వాదించారు. దాన్ని గిరి విధానం అనేవారు. ఆ బల్ల మీద పెట్టదగ్గ నాలుగు కోరికలు చెబుతాను.

మొదటిది, మెట్లు. టీఎల్ కాకపోయినా ఏజెంటుగానే ఎదిగే దశలుండాలి. రెండేళ్లు, అయిదేళ్లు, ఎనిమిదేళ్లు అనుభవానికి హోదా, జీతం మారాలి. ప్రాసెస్ చేతులు మారినా సర్వీసు కొనసాగాలి. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్ చెబుతోంది. ఆ పత్రంలో హోదా, జీతంతో పాటు తరువాతి మెట్టు ఏమిటో కూడా రాసి ఉండాలని అడగాలి.

రెండోది, అధికారం. ఒక పరిమితి దాకా, రెండు వేలో మూడు వేలో, ఫోనెత్తిన మనిషే రీఫండ్ తేల్చేయగలగాలి. నాలుగు కాల్స్‌కు, మూడు టికెట్లకు కంపెనీకీ ఖర్చవుతుంది. పదేపదే వచ్చే ఫిర్యాదుల మీద నెలకోసారి ఫ్లోర్ మీది మనుషుల మాట విని, ఏం మార్చారో వాళ్లకు చెప్పాలి.

మూడోది, రక్షణ. దక్షిణ కొరియా 2018 అక్టోబరు నుంచి చట్టం పెట్టింది. కస్టమర్ దుర్భాషలాడితే ఉద్యోగిని ఆ పని నుంచి తప్పించడం, విశ్రాంతి, కౌన్సెలింగ్ ఇవ్వడం యజమాని బాధ్యత. అడిగినందుకు ఉద్యోగిని వేధించకూడదు. టోక్యో మహానగరం 2025 ఏప్రిల్ 1 నుంచి కస్టమర్ల వేధింపును నిషేధించే నిబంధన అమలు చేస్తోంది. కస్టమర్‌ను దేవుడిగా చూసే మర్యాదకు పేరుపడిన దేశంలోనే దేవుడికీ హద్దు గీశారు. మన ఫ్లోర్ మీద మాత్రం బూతులు విన్న అమ్మాయి ఫోను పెట్టేస్తే కాల్ అవాయిడెన్స్ కింద వార్నింగ్ లెటర్ వస్తుంది. మూడుసార్లు హెచ్చరించి ఫోను పెట్టేసే హక్కు రాతపూర్వకంగా ఉండాలి.

నాలుగోది ప్రభుత్వాలకు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ హెల్ప్‌లైన్లు చాలావరకు టెండరు పద్ధతిలో నడుస్తాయి, తక్కువకు పాడుకున్నవాడికి పని దక్కుతుంది. అందులో కోతపడేది మనుషుల జీతమూ, మనుషుల సంఖ్యా. 24 మంది కావలసినచోట 24 మందిని పెట్టాలని, జీతానికి ఇంత అని, ఆపరేటర్ మారినా ఉద్యోగులు కొనసాగాలని టెండరు షరతులోనే రాయవచ్చు. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఒక జీవో చాలు.

వినియోగదారులుగా మనకూ ఒక మాట. 1986లో ఒకసారి, 2019లో మరోసారి మనకు వినియోగదారుల రక్షణ చట్టాలు వచ్చాయి. 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ హెల్ప్‌లైన్ పలుకుతుంది. కోపం వస్తే ఆ దారిలో కంపెనీ మీద చూపండి. ఫోనెత్తిన అమ్మాయి మీద అరిస్తే ఆమె సంతృప్తి శాతం తగ్గుతుంది, కంపెనీ లాభం తగ్గదు. ఆమెకు అధికారం రావడమూ, మీ పని త్వరగా కావడమూ రెండూ ఒక్కటే. ఈ తగాదాలో మీరిద్దరూ ఒకే వైపు ఉన్నారు.

చివరిగా ఫ్లోర్ మీది మిత్రులకు. 1954లో బ్యాంకు గుమాస్తాకు ఒక మంత్రి దొరికాడు. కానీ ఆ గుమాస్తాలు అప్పటికే సంఘంగా ఉన్నారు కనుకనే ఆ మంత్రికి నిలబడటానికి ఒక నేల దొరికింది. విడివిడిగా హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మనుషులకు ఎవరూ రాజీనామా చేయరు. మీ అనుభవం నైపుణ్యమని మీరు ముందు నమ్మండి. నమ్మి, కలిసి, రాసి, సంతకాలు పెట్టి అడగండి. బ్యాంకు ఉద్యోగుల నిచ్చెనకు మొదటి మెట్టు అలాగే పడింది, మీదీ అలాగే పడుతుంది.